ఈస్టర్ లిల్లీ కార్డు: రేకులకి పాకిన చిలుము పోవట్లేదు

జర్మనీలో అచ్చయి అమెరికాలో అమ్ముడైన ఈస్టర్ పోస్టుకార్డు. సిలువ చుట్టూ లిల్లీలు, బంగారు అంచు. వెనకవైపు చిరునామాకీ ఉత్తరానికీ మధ్య గీత ఉంది, అంటే అమెరికాలో అలాంటి గీత కార్డులని అనుమతించిన 1907 మార్చి తర్వాతిదే. రేకులు ఉబ్బెత్తు అచ్చు. వాటి తెలుపు పూసిన రంగుది కాదు, అట్టదే. చిక్కంతా అక్కడే. బంగారు పూతలో ఉన్నది రాగి కలిసిన కంచు పొడి. పాత పీవీసీ కవరులో అది చిలుము పట్టి, రేకు కొసల్లోకి 2 మి.మీ. పాకింది.

పాలిస్టర్ కవరులోకి మార్చాను. మెత్తటి కుంచెతో దులిపి, పెన్సిల్ గీతలు చెరిపే వినైల్ రబ్బరు పొడితో అద్దాను. మురికి వదిలింది, ఆకుపచ్చ మరక వదల్లేదు. తడి తగిలితే ఉబ్బెత్తు అణిగిపోతుందని నీళ్ల జోలికి పోలేదు.

తడి చేయకుండా, ఉబ్బెత్తు చెడకుండా ఈ రాగి మరకని తీసే పద్ధతి ఏమిటి?