పాత బిల్లింగ్ మెషిన్‌లో ముస్తఫా: అరగంటకోసారి హ్యాంగ్ అవుతోంది

బురుజు_కుర్రోడు (కర్నూలు)
వన్‌టౌన్‌లో మా నాన్న బట్టల అంగడి పోయిన దసరాకి మూసేశారు. బిల్లింగ్ మెషిన్ ఇంటికొచ్చింది. 15 అంగుళాల టచ్ స్క్రీన్, సెలెరాన్ జె1900 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, లోపల ఫ్యాన్ లేదు. పాత సామాన్ల వాళ్లు 900 ఇస్తామన్నారు, ఇవ్వబుద్ధి కాలేదు. పాత డిస్క్ తీసి వేరే ఎస్ఎస్‌డీ వేసి, తెలిసినవాళ్ల పెన్‌డ్రైవ్‌లో ఉన్న 2018 నాటి బటోసెరా (పాత వీడియో గేములు ఆడించే లైనక్స్ సిస్టమ్) ఎక్కించాను. ముస్తఫా, కాంట్రా ఆటలు రెండూ బాగానే నడుస్తున్నాయి. కానీ అరగంటకోసారి బొమ్మ అట్లే నిలబడిపోతుంది. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపాల్సిందే. హ్యాంగ్ ఎందుకు? టచ్‌తో ఆడొచ్చా? జాయ్‌స్టిక్ ఏది కొనాలి? బిల్లు ప్రింటర్, క్యాష్ డ్రాయర్ ఏం చేయాలి?

ఏడురోడ్లు (కడప)
తమ్ముడూ, ముస్తఫా అన్నావు, నిద్ర పట్టేలా లేదు. 1993లో క్యాప్‌కామ్ తెచ్చిన ఆట అది. అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అని నాకు పెళ్లయ్యాక తెలిసింది. మాకు పసుపు టోపీ పెట్టుకున్నవాడి పేరే ఆట పేరు. ముగ్గురు ఒకేసారి ఆడేలా చేసిన బోర్డు అది. ఒక్క జాయ్‌స్టిక్ కొని ఊరుకోవద్దు, మూడు కొను. ఇద్దరు ఆడుతుంటే మూడోవాడు పక్కన నిలబడి చూసే బాధ నేను నాలుగేళ్లు పడ్డాను. మా అన్నలిద్దరూ నన్ను కలుపుకునేవాళ్లు కాదు.

సర్వీస్_అన్న (కర్నూలు)
16 ఏళ్లుగా బిల్లింగ్ మెషిన్లు విప్పుతున్నా. ఇది వేడి, ఇంకేం కాదు. ఫ్యాన్ లేని మెషిన్‌కి వెనకున్న అల్యూమినియమే దిక్కు. ప్రాసెసర్ మీద వేడిని బయటికి లాగే పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. బట్టల అంగడి అంటే నూలు దుమ్ము దూదిలా పేరుకుంటుంది. మన ఊళ్లో ఏప్రిల్ ఎండ సంగతి చెప్పాలా? విప్పు, తుడువు, కొత్త పేస్ట్ పెట్టు.

పెన్నా_64 (అనంతపురం)
వేడి కాదన్నా. జె1900 అంటే ఇంటెల్ బే ట్రెయిల్ రకం, 2013 నాటిది. మొత్తం కలిపి 10 వాట్లే. ఈ చిప్ పని లేనప్పుడు లోతైన నిద్రలోకి, అంటే సీ-స్టేట్‌లలోకి పోతుంది. పాత లైనక్స్ కెర్నల్‌లలో, అంటే సిస్టమ్ గుండెకాయలో, అక్కడి నుంచి లేవలేక మొత్తం బిగుసుకుపోయేది. ఇది ప్రపంచమంతా పడ్డ తలనొప్పి. మెషిన్ మొదలయ్యేటప్పుడు చదివే బూట్ ఫైల్‌లో, అపెండ్ అని ఉన్న లైన్ చివర ఇంటెల్_ఐడిల్.మ్యాక్స్_సీస్టేట్=1 అని చేర్చు. కరెంటు రవ్వంత ఎక్కువ తాగుతుంది, అంతే. లేదంటే కొత్త బటోసెరా ఎక్కించు.

సర్వీస్_అన్న (కర్నూలు)
నెట్‌లో రెండు పేజీలు చదివి మెషిన్ చూడకుండా రోగం చెప్పేస్తే ఎట్లా? నా చేతిలో ఇట్లాంటివి కనీసం 200 బాగుపడ్డాయి. అన్నిటిలో పేస్టే.

పెన్నా_64 (అనంతపురం)
ఆ 200లో లైనక్స్ ఉన్నవి ఎన్ని? అంగట్లో ఇదే మెషిన్ విండోస్ మీద పొద్దున 10 నుంచి రాత్రి 9 దాకా నడిచింది కదా. అప్పుడు లేని వేడి ఇప్పుడు ముస్తఫాకి వచ్చిందా?

సర్వీస్_అన్న (కర్నూలు)
అంగట్లో నెత్తిన ఫ్యాన్ తిరిగేది. బిల్లు కొట్టడానికి ప్రాసెసర్‌కి పనేముంది? మీ అనంతపురంలో గాలి ఎక్కువ, వేడి మీకు అర్థం కాదు.

అనంత_8బిట్ (అనంతపురం)
అట్లనకండి సార్. కరువు జిల్లా వాళ్లకి ఎండ గురించి మీరు చెప్పేదేంది? కమలానగర్‌లో మధ్యాహ్నం రెండింటికి ఒకసారి నిలబడి చూడండి.

ఏడురోడ్లు (కడప)
ఎండ మాటొస్తే కడప ముందు మీరెవరూ నిలవరు. సరే, జాయ్‌స్టిక్‌ల గురించి ఎవరూ చెప్పరేం?

అకౌంట్స్_అక్క (ప్రొద్దుటూరు)
ఆటల సంగతి నాకు తెలీదు. తమ్ముడూ, ఆ పాత డిస్క్ ఏమైంది? అందులో అంగడి బిల్లులున్నాయా? జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కలు, ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. అంగడి మూసేసినా సరే. నోటీసు వచ్చాక డిస్క్ ఫార్మాట్ చేశామని ఏడ్చినవాళ్లు నాకు తెలుసు. ముందు రెండు చోట్ల బ్యాకప్ తీసి, నాన్నగారి చేతికివ్వు.

బురుజు_కుర్రోడు (కర్నూలు)
అక్కా, డిస్క్ బీరువాలో ఉంది, ముట్టుకోలేదు. ఈ వారమే బ్యాకప్ తీస్తాను.
ఇంకో మాట. ఈరోజు తెల్లవారి ఆరింటికి ఆన్ చేశాను. ఆట పెట్టకుండా మెనూలోనే వదిలేసి టీ తాగి వచ్చేసరికి నిలబడిపోయింది. ముట్టుకుంటే చల్లగానే ఉంది.

పెన్నా_64 (అనంతపురం)
ఇంకేం కావాలి సాక్ష్యం? పని లేకుండా ఉన్నప్పుడే ఆగింది.

సర్వీస్_అన్న (కర్నూలు)
పైన చల్లగా ఉంటే లోపల చల్లగా ఉన్నట్టా?

తుంగభద్ర_తీరం (కర్నూలు)
టచ్ గురించి అడిగావు. ఆ రోజుల బిల్లింగ్ మెషిన్లలో ఎక్కువగా రెసిస్టివ్ టచ్. గోరుతో నొక్కినా పనిచేస్తుంది కానీ ఒక సమయంలో ఒక్క చోటే. ఎగురుతూ కాల్చాలంటే రెండు వేళ్లు కావాలి, కాబట్టి కాంట్రాకి పనికిరాదు. మెనూ వరకే వాడుకో.
ఆ స్క్రీన్‌ని మాత్రం తక్కువగా చూడొద్దు. 1024 బై 768, అంటే 4:3. పాత ఆటల్లో ఎక్కువ ఆ కొలతకే పుట్టాయి. 8 బిట్ నింటెండో ఆటల బొమ్మ 256 బై 240. సరిగ్గా మూడింతలు చేస్తే 768 బై 720, ఒక్క చుక్క కూడా సాగదు. పెద్ద టీవీలో మారియోని అడ్డంగా సాగదీసి పొట్టివాడిని చేసి ఆడేవాళ్లని చూస్తే నాకు కడుపు మండుతుంది.
బార్‌కోడ్ స్కానర్ ఉంటే పారేయొద్దు. అది కంప్యూటర్‌కి కీబోర్డులాగే కనిపిస్తుంది, అంకెలు కొట్టి ఎంటర్ నొక్కుతుంది. నేను అట్ట ముక్కల మీద ఆటల బొమ్మలు అంటించి, వెనక బార్‌కోడ్ వేశాను. మా పాప కార్డు చూపిస్తే ఆ ఆట తెరుచుకునేలా చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాను. పాత క్యాసెట్ పెట్టినంత సంబరం దానికి.

అనంత_8బిట్ (అనంతపురం)
వెనకున్న కామ్ పోర్టులతో, అంటే 9 పిన్నుల సీరియల్ సాకెట్లతో జాగ్రత్త. చాలా మెషిన్లలో 9వ పిన్ నుంచి 5 లేదా 12 వోల్టులు వస్తాయి, కొనేవాళ్లకి బిల్లు మొత్తం చూపే చిన్న డిస్‌ప్లేకి కరెంటివ్వడానికి. అది తెలీక నేను పాత సీరియల్ పరికరం ఒకటి తగిలించి కాల్చుకున్నాను. బయాస్ సెట్టింగుల్లోనో, బోర్డు మీది జంపర్ అనే చిన్న క్లిప్పు మార్చో ముందు ఆపేయండి. గంటసేపు ఏడుపొచ్చింది, ఆ వాసన ఇంకా గుర్తుంది.

కొత్తవాడు_కడప (కడప)
అన్నలూ, ఆ గేమ్ ఫైళ్లు ఎక్కడ దొరుకుతాయి? లింక్ పెట్టండి.

తుంగభద్ర_తీరం (కర్నూలు)
ఇక్కడ లింకులు అడగొద్దు తమ్ముడూ. హక్కులు కంపెనీలవి. 2018లో క్యాప్‌కామ్ ఫైనల్ ఫైట్, కెప్టెన్ కమాండో లాంటి ఏడు ఆటలు కలిపి అమ్మింది, కొనుక్కోవచ్చు. ముస్తఫా అందులో లేదు, అదే నా బాధ కూడా.

బురుజు_కుర్రోడు (కర్నూలు)
పెన్నా అన్న చెప్పిన లైన్ చేర్చాను. నాలుగు రోజులైంది, ఒక్కసారి కూడా ఆగలేదు. నిన్న రాత్రంతా మెనూలో వదిలేశాను, పొద్దునకి నడుస్తూనే ఉంది.

సర్వీస్_అన్న (కర్నూలు)
మే నెల రానీ, అప్పుడు మాట్లాడదాం.

పెన్నా_64 (అనంతపురం)
రానీ అన్నా, ఇక్కడే ఉంటా. తమ్ముడూ, క్యాష్ డ్రాయర్ ప్రింటర్‌కి తగిలించి ఉందా? ఫోన్ వైరు లాంటి పిన్ ఉంటుంది చూడు. ప్రింటర్‌కి 27, 112, 0, 25, 250 అనే ఐదు బైట్లు పంపితే పెట్టె తెరుచుకుంటుంది. స్కోరు కూడా బిల్లులా అచ్చేయొచ్చు. ఆ కాగితాలు ఎండలో పెట్టొద్దు, వేడికి నల్లబడిపోతాయి.

బురుజు_కుర్రోడు (కర్నూలు)
చేశానన్నా! మొదటి స్టేజీ బాస్‌ని చంపగానే మా తమ్ముడు కీబోర్డు నుంచి ఆ కమాండ్ కొట్టాడు. టింగుమని పెట్టె తెరుచుకుంది. వసారాలో పేపర్ చదువుతున్న నాన్న ఆ చప్పుడుకి లేచి వచ్చారు. ఏం మాట్లాడలేదు. అలవాటుగా నడుముతో తోసి పెట్టె మూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. జాయ్‌స్టిక్ ఇంకొకటి కావాలి, ఎవరైనా చెప్పండి.