కాలిఫోర్నియాలో ఇంటి కేర్‌గివర్ పని: గ్రీన్‌కార్డ్ వచ్చాక దేంతో మొదలుపెట్టాలి?

తుంగభద్ర:
మా పిన్నికి గ్రీన్‌కార్డ్ వచ్చింది. 52 ఏళ్లు, ఇంటర్ చదివింది. ఇంగ్లిష్ అర్థమవుతుంది గానీ మాట్లాడటం నిదానం. ఉండేది ఫ్రీమాంట్‌లో. పెద్దవాళ్లను ఇంటి దగ్గర చూసుకునే పనిలో చేరతానంటోంది. ఒకరు ఏజెన్సీ అంటున్నారు, ఒకరు ఐహెచ్‌ఎస్‌ఎస్ (ఇంటి దగ్గర చూసుకునేవాళ్లకు ప్రభుత్వం జీతమిచ్చే పథకం) అంటున్నారు, ఇంకొకరు ముందు సీఎన్‌ఏ (సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్) కోర్సు చేయమంటున్నారు. ఏది ముందు? పని ఎక్కడ ఆగిపోతుంటుంది?

నల్లరేగడి:
చూసుకోవాల్సిన మనిషి ఇప్పటికే దొరికారా లేదా అన్నదాన్ని బట్టి దారి మారుతుందండీ.

దొరికి, వాళ్లకు మెడికాల్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు కాలిఫోర్నియా ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉంటే ఐహెచ్‌ఎస్‌ఎస్ దగ్గరి దారి. ఇంట్లో సాయం అవసరమని డాక్టరు ఎస్‌ఓసీ 873 ఫారం నింపాలి. కౌంటీ సోషల్ వర్కర్ ఇంటికొచ్చి స్నానానికి ఎంత, వంటకు ఎంత, నడిపించడానికి ఎంత అని లెక్కగట్టి గంటలు మంజూరు చేస్తారు. నెలకు 283 గంటలు దాటవు. మీ పిన్నిగారు చేయాల్సింది ఎస్‌ఓసీ 426 ఫారం, లైవ్ స్కాన్ (యంత్రం మీద తీసే) వేలిముద్రలు, ఓరియంటేషన్, ఎస్‌ఓసీ 846 ఒప్పందం మీద సంతకం. సర్టిఫికెట్ ఏదీ అడగరు. వేలిముద్రల ఖర్చు మాత్రం మనదే.

మనిషి దొరకకపోతే ఏజెన్సీ మేలు. దానికి రాష్ట్రంలో హోమ్ కేర్ ఎయిడ్‌గా రిజిస్టర్ కావాలి, ఆ దరఖాస్తు గార్డియన్ అనే పోర్టల్‌లో. టీబీ పరీక్ష ఉంటుంది. పనిలోకి పంపేముందు 5 గంటల శిక్షణ, తర్వాత ఏటా మరో 5 గంటలు.

సీఎన్‌ఏ అంటే 160 గంటల కోర్సు, ఆపైన పరీక్ష. ఇంటి పనికి అది తప్పనిసరి కాదు. ఇంగ్లిష్ కాస్త కుదురుకున్నాక చేస్తే సుఖంగా పాసవుతారు.

మొగలిరేకు:
ఆగిపోయేది ఎక్కువగా మూడు చోట్ల.

టీబీ. మన దేశంలో చిన్నప్పుడు బీసీజీ టీకా వేయించుకున్నవాళ్లకు జబ్బు లేకపోయినా చర్మం మీది పరీక్ష పాజిటివ్ రావచ్చు. అప్పుడు ఛాతీ ఎక్స్‌రే అంటారు, వారాలు పోతాయి. మొదటే రక్తపరీక్ష చేయమని అడగండి, దానికి బీసీజీతో సంబంధం లేదు.

పేరు. గ్రీన్‌కార్డ్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, సోషల్ సెక్యూరిటీ కార్డులో ఒక్క అక్షరమే ఉంటే చిక్కు. గ్రీన్‌కార్డ్, సోషల్ సెక్యూరిటీ కార్డు, లైవ్ స్కాన్ ఫారం మూడింట్లోనూ స్పెల్లింగ్ ఒకేలా ఉండాలి.

వేలిముద్రలు. ఏళ్ల తరబడి గిన్నెలు తోమిన చేతులకు గీతలు అరిగిపోయి యంత్రానికి అందవు. వారం ముందు నుంచి రోజూ లోషన్ రాయండి, బ్లీచ్ ముట్టుకోనివ్వకండి. ముద్రలు తిరస్కరిస్తే మళ్లీ వెళ్లాలి. రెండోసారీ తిరస్కరిస్తే పేరు మీద తనిఖీ చేస్తారు, కంగారు అక్కర్లేదు.

ఇంకోమాట: విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లూ, ఈఏడీ (పని అనుమతి కార్డు) లేని హెచ్-4 డిపెండెంట్ వీసా వాళ్లూ ఈ పని చేయకూడదు. నగదు ఇస్తామన్నా సరే.

చెరువుకట్ట:
ఐహెచ్‌ఎస్‌ఎస్‌లో చేరాక టైమ్‌షీట్ దగ్గర జాగ్రత్త. నెలకు రెండు: 1 నుంచి 15 వరకు ఒకటి, 16 నుంచి నెలాఖరు వరకు ఒకటి. వారం లెక్క ఆదివారం నుంచి శనివారం. ఇద్దరిని చూసుకుంటే వారానికి మొత్తం 66 గంటలు దాటకూడదు, ఒకరింటి నుంచి ఒకరింటికి వెళ్లే ప్రయాణానికి వారానికి 7 గంటలే ఇస్తారు. మొదటి ఉల్లంఘనకు నోటీసు, మూడోసారికి 90 రోజుల సస్పెన్షన్, నాలుగోసారికి ఏడాది దూరం. చూసుకునే మనిషితో ఒకే ఇంట్లో ఉంటే ఆ సంగతి తెలిపే ఎస్‌ఓసీ 2298 ఫారం తప్పకుండా ఇవ్వండి, ఆ జీతానికి ఫెడరల్ ఆదాయపు పన్ను పడదు.

"నెలకింత ఇస్తాం, మా ఇంట్లోనే ఉండు" అనే బేరాలు మనవాళ్లలో చాలా నడుస్తున్నాయి. రాత్రి మూడుసార్లు లేవాల్సొచ్చినా అదే జీతం. ఇది అన్యాయం, చట్టానికీ విరుద్ధం. ఇంటివాళ్లే నేరుగా పెట్టుకున్న సహాయకులకు రోజుకు 9 గంటలు, వారానికి 45 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలని 2014 నుంచి కాలిఫోర్నియా చట్టం. ఏ రోజు ఎన్ని గంటలు చేశారో పిన్నిగారిని సొంతంగా ఒక నోటుబుక్కులో రాసుకోమనండి.

తుంగభద్ర:
చాలా థాంక్సండీ. ఒకావిడ అడుగుతున్నారు, మెడికాల్ ఉంది. పక్షవాతంతో ఎడమవైపు పడిపోయింది. మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి పిన్ని ఒక్కతే మార్చగలదా?

మొగలిరేకు:
ఆవిడ కుడికాలి మీద బరువు మోపగలిగితేనే. వీల్‌చెయిర్‌ని బాగున్న కుడివైపు, మంచానికి కాస్త ఏటవాలుగా పెట్టాలి. రెండు బ్రేకులూ వేసి, కాళ్లు పెట్టుకునే పలకలు పైకి మడవాలి. ఆవిడ నడుముకు గెయిట్ బెల్ట్ (పట్టుకుని లేపడానికి వాడే పట్టీ) కట్టి రెండు వేళ్లు దూరేంత వదులు ఉంచాలి. మంచం అంచున కూర్చోబెట్టి ఒక్క నిమిషం ఆగాలి, కళ్లు తిరుగుతాయేమో చూసుకోవాలి. తర్వాత ఆవిడను ముందుకు వంగమని, పిన్నిగారు తన మోకాలిని ఆవిడ ఎడమ మోకాలికి ఆనించి, బెల్ట్ పట్టుకుని లేపి తిప్పాలి. చంకల్లో చేతులు పెట్టి లాగకూడదు, పడిపోయిన వైపు భుజం కీలు జారుతుంది. కుడికాలు కూడా నిలవకపోతే హోయర్ లిఫ్ట్ (మనిషిని ఎత్తి మార్చే యంత్రం) కావాలి, దాన్ని డాక్టరుతో రాయించమని వాళ్లింట్లో ముందే చెప్పండి.