సమస్య: గొర్రె మౌనమందె గొంతు వినెను

ఈ వారం ఛందస్సు ఆటవెలది. పై సమస్యే చివరి పాదంగా పద్యం పూరించాలి. థామస్ హారిస్ 1988 నవల 'ద సైలెన్స్ ఆఫ్ ద లాంబ్స్' చదివినవాళ్లకి సమస్య ఎక్కడిదో తెలుస్తుంది. చిన్నప్పుడు మోంటానాలో బంధువుల పశువుల క్షేత్రంలో గొర్రెపిల్లల అరుపులు విన్న క్లారిస్ స్టార్లింగ్, ఎఫ్‌బీఐ శిక్షణలో ఉండగానే ఒక వరుస హంతకుడి వేటలో దిగుతుంది. పొగడక్కర్లేదు, మీకు అనిపించిందే రాయండి.

కాకినాడ సభ్యురాలి పూరణ:

తండ్రి లేని పిల్ల దారి తప్పక సాగి
చిమ్మచీకటింట చెఱను బడిన
యాడుబిడ్డ గాచి యడలు తీరగ నాడు
గొర్రె మౌనమందె గొంతు వినెను

నిర్వాహకుడు: ధార బాగుంది. 'యాడుబిడ్డ – యడలు' యతి హాయిగా కుదిరింది. కానీ గొంతు ఎవరిది? స్టార్లింగ్‌దేనని మేం ఊహించుకోవాల్సి వస్తోంది. పైగా అడలు పూర్తిగా తీరలేదు. గొర్రెపిల్లల అరుపులు ఆగిన ఆ నిశ్శబ్దాన్ని మళ్లీ మళ్లీ సంపాదించుకోవాల్సి ఉంటుందని, కేసులో ఆమెకి ఆధారాలిచ్చే నరమాంస భక్షకుడు లెక్టర్ ఉత్తరం రాస్తాడు కదా. నవలలో నాకు బాగా నచ్చిన చోటు అది.

వరంగల్ సభ్యుడి పూరణ:

చంపువాని మాట చవులూరఁ జెప్పెను
చచ్చువారి పేరు జాడ లేదు
కాని పుటలమధ్య గాలించు చదువరి
గొర్రె మౌనమందె గొంతు వినెను

వరంగల్ సభ్యుడు: నాకు ఈ నవల సగమే నచ్చింది. లెక్టర్ నోరు విప్పితే పేజీలు పరుగెడతాయి, నిజమే. అంత తెలివి, అంత మర్యాద ఒక నరమాంస భక్షకుడికి అద్ది మనచేత మెచ్చుకోలు రాబట్టడం నాకు మింగుడుపడలేదు.

కాకినాడ సభ్యురాలు: మీ బాధ అర్థమైంది, కానీ రెండో పాదం అన్యాయం అండీ. ఒహాయోలోని బెల్వెడేర్‌లో, హతురాలు ఫ్రెడ్రికా బిమ్మెల్ గదికి స్టార్లింగ్ వెళ్లే ఘట్టం ఉంది కదా! హంతకుడికి కుట్టుపని తెలుసని ఆమెకి తట్టేది అక్కడే. కేసు విడిపోయేది చనిపోయిన అమ్మాయి బట్టల వల్ల, లెక్టర్ మాటల వల్ల మాత్రమే కాదు.

వరంగల్ సభ్యుడు: ఒప్పుకుంటాను. 'చచ్చువారి కథకు జాగ కొదవ' అని మారుస్తున్నాను. కొదవ మాత్రం ఉంది, అది వదలను.

నిర్వాహకుడు: సవరణ మేలు. చ–జ యతి చెల్లుతుంది, నింద కూడా సరైన పాళ్లలో ఉంది. మీ మూడో పాదం ఈ వారానికి వచ్చినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టం.

డల్లాస్ సభ్యుడి పూరణ:

ఏటఁ దేలినట్టి యింతి కంఠములోన
పురుగుగూడు దొరకెఁ బోకడెఱుగ
శవము చెప్పుదాని శ్రద్ధగా గ్రహియించి
గొర్రె మౌనమందె గొంతు వినెను

నిర్వాహకుడు: భేష్! వెస్ట్ వర్జీనియా నదిలో దొరికిన శవం గొంతులో చిమ్మటగూడు, సమస్యలోనూ గొంతే. నవలకి ఇంత దగ్గరగా ఎవరూ వెళ్లలేదు. 'పోకడ' ఎవరిదో చెప్పే మాట ఒకటి పడితే ఇంకా బాగుండేది.

హంతకుడు జేమ్ గంబ్ పాత్రని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. లింగమార్పిడి కోరుకునేవాళ్లకీ హింసకీ ముడిపెట్టకూడదన్న మాట పుస్తకంలోనే వస్తుంది. అయినా చదవడం అయ్యాక మనసులో మిగిలే బొమ్మ ఆ మాటకి ఎదురు నడుస్తుంది. 1991 సినిమా వచ్చాక ఆ బొమ్మ మరింత ముదిరింది. నవల మీద నా పెద్ద ఫిర్యాదు ఇదే. దీని మీద ఆదివారంలోగా ఇంకో రెండు పూరణలు రావాలి.