నాలుగో తరం బ్రెజిల్ జపనీయులకి భాష పరీక్ష పెట్టడం న్యాయమేనా?

గోదారోడు:
1908లో కసాతో మారు ఓడలో 781 మంది జపనీయులు బ్రెజిల్‌లోని శాంతోస్ రేవులో దిగి కాఫీ తోటల్లో కూలికి కుదిరారు. వెనకాలే ఇంకా చాలామంది వెళ్ళారు. 1990లో జపాన్ చట్టం మార్చి, వాళ్ళ వారసుల్ని మూడో తరం దాకా ఏ పరీక్షా లేకుండా రానిచ్చింది. 2018లో నాలుగో తరానికి ఇచ్చిన వీసాకి మాత్రం జపనీస్ వచ్చి ఉండాలంది. తప్పేముంది? తాతల భాష వద్దు, తాతల ఊరు మాత్రం కావాలా?

హమామత్సు వాసి:
జపాన్‌లో నేనుండే ఊళ్ళో బ్రెజిల్ వాళ్ళు చాలామంది. వాళ్ళు భాషని వదిలేయలేదండీ, వాళ్ళ దగ్గర్నుంచి లాక్కున్నారు. 1938లో బ్రెజిల్‌లో వర్గాస్ ప్రభుత్వం విదేశీ భాషల బడులు మూయించింది. 1941లో జపనీస్ పత్రికలు ఆగిపోయాయి. ఆ భయంలో పెరిగినవాళ్ళు పిల్లలకి పోర్చుగీసే నేర్పారు.

గోదారోడు:
యుద్ధం 1945లోనే అయిపోయింది కదా. సావో పాలోలో లిబర్డేడ్ అని ఏకంగా ఓ జపనీయుల పేటే ఉంది, నేర్చుకోవాలంటే దిక్కులేకనా?

పాత చింతపండు:
లిబెర్దాజి అనాలి.

గోదారోడు:
ఏదో ఒకటి.

హమామత్సు వాసి:
నేర్చుకుంటే మాత్రం? నాతో పనిచేసే మూడో తరం అమ్మాయి బామ్మ దగ్గర నేర్చిన జపనీస్ మాట్లాడితే సూపర్‌వైజర్ పగలబడి నవ్వాడు. అవి ముసలమ్మల మాటలట. అక్కడ జపొనేస్ (జపాన్ వాడు), ఇక్కడ గైజిన్ (పరాయివాడు). 2009లో పనులు పోతే, పని పోయినవాళ్ళకి జపాన్ ప్రభుత్వం తలా 3 లక్షల యెన్లు చేతిలో పెట్టి పొమ్మంది. మళ్ళీ అదే వీసా మీద రావద్దంది. అప్పుడు గుర్తులేదా చుట్టరికం?

గోదారోడు:
చుట్టరికం గురించి నాకు చెప్పకండి. మా అన్నయ్య పిల్లలు అమెరికా నుంచి వచ్చారు. పది రోజులూ మా అమ్మ వాళ్ళతో సైగలే చేసింది. అన్నం పెట్టనా అని కూడా సైగే. పదకొండో రోజు పొలంలో వాటా సంగతి ఎత్తారు, ఇంగ్లీషులో.

పాత చింతపండు:
అదా సంగతి.

హమామత్సు వాసి:
అది మీ ఇంటి గొడవ. వీళ్ళు వాటాకి రాలేదు. 1990లో తలుపు తెరిచింది ఫ్యాక్టరీలకి మనుషులు చాలక. పని కావాల్సినప్పుడు రక్తం సరిపోయింది, ఇప్పుడు వ్యాకరణం అడుగుతున్నారు.

శారద:
గోదారోడు గారూ, నేర్పనిది మీ అన్నయ్య. పిల్లల్ని అంటారేం?

గోదారోడు:
ఆయన్నీ అన్నానమ్మా. అప్పట్నుంచి ఫోన్ ఎత్తట్లేదు.