రోజూ చూసే గోదారిలో కొత్త ఫోటో ఎక్కడ దొరుకుద్ది?

ఆర్చ్‌బ్రిడ్జి_బాబు

అందరికీ నమస్తే అండి. మాది రాజమండ్రి. పెళ్ళిళ్ళ సీజన్లో పెళ్ళిళ్ళు తీస్తా, మిగతా టైంలో బ్యాగ్ తగిలించుకుని ఊళ్ళమీద పడతా, ట్రావెల్ ఫోటోలే నాకు ఇష్టం. లడఖ్ వెళ్తే నాలుగు రోజుల్లో నలభై ఫ్రేములు పడ్డాయి, కాశీలో అయితే తెచ్చుకున్న కార్డులు చాల్లేదు. అదే ఇంటికొచ్చి పుష్కరఘాట్‌లో నిలబడితే మాత్రం వేలు షట్టర్ మీదకే పోదు. ఏం తీసినా ఇదివరకు తీసిందే. పొద్దుగూకే టైం, నారింజరంగు ఆకాశం, వెనకాల ఆర్చ్ బ్రిడ్జి, ముందు ఒక పడవ, అందులో నల్లగా ఒక మనిషి. ఈ ఒక్క ఫోటో నా హార్డ్ డిస్కులో వందల్లో ఉంటది, ఊళ్ళో కెమెరా ఉన్న ప్రతివాడి దగ్గరా ఉంటది.

పోయిన నెల ఒక ఎడిటర్ గారికి గోదారి సెట్ పంపితే "బాగున్నాయండి, కానీ ఇవి మా దగ్గర ఆల్రెడీ ఉన్నాయి" అన్నారు. అంటే నావి కాదు, వేరేవాళ్ళవి, కానీ అవే. ఆ మాట రెండ్రోజులు అన్నం సయించనివ్వలేదు. 2027లో పుష్కరాలొస్తే దేశం మొత్తం కెమెరాలతో ఇక్కడే దిగుద్ది, ఈలోపు మనూరిని మనం సరిగ్గా ఒక్కసారైనా తీయాలి కదా అని నా బాధ. తెలిసిన చోట కొత్తగా ఎలా చూస్తారండి మీరంతా?

లెన్సుకి_అప్పు

డ్రోన్ కొను బ్రో, సమస్య సాల్వ్

ఆర్చ్‌బ్రిడ్జి_బాబు

ఉంది బ్రో. పర్మిషన్ల గోల పక్కనపెడితే, పైనుంచి చూసినా అదే బ్రిడ్జే కనపడతంది 😄

గట్టుమీద_పెద్దాయన

బాబూ, నేను రీలు కెమెరా రోజుల నుంచి ఇదే గట్టుమీద తిరుగుతున్నా, 36 ఫోటోలకి ఒక రీలు, కడిగించడానికి డబ్బుల్లేక వారం ఆగిన రోజులూ ఉన్నాయి, కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు.

ముందు చిన్న విషయం. సూర్యుడు రోజూ ఒకేచోట అస్తమిస్తాడనుకుంటారు జనం. మన రాజమండ్రిలో జూన్ నెలాఖరుకి పడమర నుంచి ఉత్తరానికి దాదాపు 25 డిగ్రీలు జరిగి దిగుతాడు, డిసెంబర్లో దక్షిణానికి అంతే. రెండింటికీ మధ్య 50 డిగ్రీల తేడా. అంటే అదే మెట్టు మీద కూర్చున్నా ఒక నెల బ్రిడ్జి వెనక, ఇంకో నెల ఖాళీ నీళ్ళమీద. నువ్వు వెళ్ళేది ఎప్పుడు, కార్తీకమాసంలో, న్యూ ఇయర్‌కి, చుట్టాలొచ్చినప్పుడు. మరి ఫోటో మారమంటే ఎలా మారుద్ది.

ఏప్రిల్ మేలో వెళ్ళావా ఎప్పుడైనా? ఎండకి దడిసి ఎవరూ రారు. నీళ్ళు తగ్గి ఇసుకమేటలు బయటపడతాయి. జూలై ఆగస్టుల్లో ఎర్రనీరు దిగాక నది రంగే వేరు, ఆ నీటితోనే పులస ఎదురెక్కి వస్తుంది, రేవులో చేప కోసం బేరాలాడే మొహాలు ఏ సన్‌సెట్‌కీ తీసిపోవు. ఇంకోటి చెప్తా. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వచ్చిందంటే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు కదా, ఆ కబురు తెలియగానే ఊరు ఊరంతా గట్టుమీదకొచ్చి గోదారిని చూస్తారు, పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకుని మరీ. ఫోటోగ్రాఫర్లంతా నీళ్ళకేసి లెన్సు పెడతారు. 2022 జూలైలో మూడో హెచ్చరిక కూడా దాటినప్పుడు నేనూ అదే పని చేశా. ఒక్కసారి వెనక్కి తిరిగి ఆ చూసేవాళ్ళని తీయాలన్న బుద్ధి పుట్టలేదు.

అసలు బాధ ఇంకోటుంది. హేవలాక్ వంతెన, 1900 నుంచి 1997 దాకా రైళ్ళు నడిచిన వంతెన, దాని ఫోటోలు నా దగ్గర ఒక పెట్టెడు ఉన్నాయి. అన్నీ గట్టుమీంచి తీసినవే, అన్నీ అందమైనవే. దాని మీంచి వెళ్ళే పాసింజర్లో కూర్చుని, తలుపు దగ్గర పాలక్యాన్లు పెట్టుకున్నవాళ్ళనీ, కిటికీ ఊచలు పట్టుకుని నిద్రపోయేవాళ్ళనీ ఎన్నిసార్లు చూశానో. ఒక్క ఫోటో లేదు. రోజూ ఎక్కే రైలు కదా, అందులో తీయడానికి ఏముందని. ఇప్పుడు ఆ 56 స్పాన్లూ ఊరికే నిలబడి ఉన్నాయి, వాటిని ఎప్పుడైనా తీసుకోవచ్చు, లోపలి మనుషులే దొరకరు.

బీచ్‌రోడ్డు_బోర్

పెద్దాయన గారు చెప్పింది కరెక్టే కానీ నాదొక చిన్న తకరారు. ఈ కొత్తగా చూడాలి కొత్తగా చూడాలి అనేది కూడా ఒక జబ్బేనండి. మా వైజాగ్‌లో ఆర్కే బీచ్ సబ్‌మెరైన్‌ని తీసీ తీసీ విసుగొచ్చి నేను కొన్నాళ్ళు నేలమీద పడుకుని తీశా, నీళ్ళ గుంటలో నీడ తీశా, గాజు గోళీలోంచి తలకిందులుగా తీశా. లైకులు బానే వచ్చాయి. ఏడాది తర్వాత చూస్తే ఒక్కటీ ఉంచుకోబుద్ధి కాలేదు, ఎందుకంటే వాటిలో నా ట్రిక్కు తప్ప వైజాగ్ లేదు. ఇప్పుడైతే ఒకటే 35 ఎంఎం లెన్సు, వారానికి ఒకే రోజు, ఒకే వీధి. బోర్ కొట్టాలి, బాగా కొట్టాలి, మూడోవారం నుంచి టీకొట్టు ఆయన నన్ను పట్టించుకోవడం మానేశాడు, అప్పటినుంచి మొదలయ్యాయి ఫోటోలు. లడఖ్‌లో నలభై వచ్చాయన్నారు కదా బాబు గారూ, ఏమీ అనుకోకండి, ఆ నలభై లడఖ్‌వాడికి చూపిస్తే వాడు కూడా ఆ ఎడిటర్ గారి మాటే అంటాడేమో.

కొవ్వూరు_కోడలు

నాకు ఫోటోగ్రఫీ రాదు, ఫోన్లో పిల్లల్ని తీయడమే. కానీ ఒకటి అడుగుతా, రాజమండ్రి వాళ్ళు ఎప్పుడూ మీ ఒడ్డునే ఎందుకు నిలబడతారండి? సూర్యుడు మా వైపు అస్తమిస్తాడు కాబట్టి మీకు సన్‌సెట్. మరి ఉదయిస్తే మీ వైపే కదా. గోష్పాదక్షేత్రం రేవులోకి తెల్లారగట్ల రండి, చలికాలం మంచులో బ్రిడ్జి సగమే కనపడి మిగతా సగం ఉండదు, రాజమండ్రి అసలే ఉండదు 😀

ఇంకోటి, గోదావరి స్టేషన్లో పాసింజర్ ఎక్కితే తర్వాత స్టేషన్ మాదే. బ్రిడ్జి మీదకి రాగానే పెట్టెలో సగం మంది లేచి కిటికీల దగ్గర చేరతారు, దణ్ణం పెట్టుకుని చిల్లర వేస్తారు. కిటికీ ఊచల్లోంచి చేతులు, కింద నీళ్ళు, ఎండ ఉంటే ఆర్చుల నీడలు మొహాలమీద వెళ్ళిపోతా ఉంటాయి. మా అత్తగారు ఇప్పటికీ కొంగున రూపాయి కట్టుకునే రైలెక్కుతారు. కింద రేవుల్లో కుర్రాళ్ళు తాడుకి అయస్కాంతం కట్టి ఆ బిళ్ళలే ఏరుకుంటారు. ఇది ఎవరైనా తీశారా, నేనైతే చూళ్ళేదు.

గట్టుమీద_పెద్దాయన

అమ్మా, మేమంతా కెమెరాలు పట్టుకుని ఆ రైలు బ్రిడ్జి ఎక్కుతుంటే కిందనుంచి దాన్ని తీస్తున్నాం 🙏

లెన్సుకి_అప్పు

డ్రోన్ మాట వెనక్కి తీసుకుంటన్నా

ఆర్చ్‌బ్రిడ్జి_బాబు

ఆలస్యానికి సారీ అండి, నిన్న ఆదివారం వెళ్ళొచ్చా. కొవ్వూరు కోడలు గారు చెప్పినట్టే పొద్దున్నే పాసింజర్, ఒకే లెన్సు, దక్షిణం వైపు కిటికీ, ఈ నెలల్లో ఎండ అటే పడతది కాబట్టి. నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగా. ఇన్నేళ్ళలో ఈ బ్రిడ్జి మీద ఎన్నిసార్లు వెళ్ళానో, ప్రతిసారీ ఫోన్ చూసుకుంటా వెళ్ళినట్టున్నా. మొదటి ట్రిప్పు మొత్తం వేస్ట్, ఎక్స్‌పోజర్ దొరకలేదు, బయట తెల్లగా పేలిపోవడం లేకపోతే లోపల చీకటి. రెండోసారి బయట సంగతి వదిలేసి నీడ మొహం మీదనుంచి జరిగే క్షణం కోసమే చూశా. 200 పైన నొక్కితే ఉంచుకునేవి మూడు. ఒకదాంట్లో చెయ్యి కూడా లేదు, బిళ్ళ విసిరేశాక ఒకాయన అలాగే కిటికీకి తల ఆనించి ఉండిపోయాడు, అదే.

నాలుగోసారి వస్తుంటే ఎదురుసీట్లో ముసలావిడ కొంగంతా వెతుక్కుని నాకేసి తిరిగి "బాబూ ఓ రూపాయి బిళ్ళుంటే ఇవ్వవా, గోదారమ్మకి" అంది. జేబులన్నీ తడుముకున్నా. ఫోన్‌పే తప్ప పైసా లేదు. ఈలోపు బ్రిడ్జి అయిపోయింది. ఆవిడ నన్నేమీ అన్లేదు గానీ కెమెరాకేసి ఒక చూపు చూసింది. ఆ చూపు తీయలేదండి, తీసే మొహం లేక. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నా, దారిలో కిళ్ళీకొట్టు దగ్గర చిల్లర మార్చుకుని.