రొయ్యల బిల్లు తేల్చే 900 లైన్ల మెథడ్: ఎక్కణ్ణుంచి విప్పాలి?

ఉండి_కాలువ_గట్టు అడిగారు:

నమస్తే అండి. భీమవరంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తున్నాను. మా క్లయింట్లలో ఒకరు రొయ్యలు కొనే వ్యాపారి. పట్టుబడి అయ్యాక గట్టు మీదే తూకం వేసి, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయో) చూసి, ల్యాప్‌టాప్‌లో బిల్లు తీసి రైతు చేతికిస్తారు. ఆ బిల్లు తేల్చేదంతా ఒకే ఒక జావా మెథడ్ (పేరు పెట్టి పిలిచే కోడ్ ముక్క). పేరు ‘ప్రాసెస్ లాట్’. 900 లైన్ల పైచిలుకు ఉంది. రాసినాయన హైదరాబాద్ వెళ్ళిపోయి చాలా కాలమైంది, ఫోన్ చేస్తే “అందులో ఏం రాశానో నాకే గుర్తులేదు” అని నవ్వేశారు.

లోపల సంగతి చెప్తాను. మొదట రొయ్య రకం వనామీనా, టైగరా అని ఇఫ్ (ఇలా అయితే ఇది చెయ్యి అనే షరతు). వనామీ అయితే కౌంట్ ఏ శ్లాబులో పడిందో చూసే ఇఫ్‌ల వరస. వాటి లోపల సాఫ్ట్ రొయ్య ఎంత శాతం ఉంది, ఎంత కోయాలి. ఆ లోపల లాట్ ఏజెంట్ ద్వారా వచ్చిందా, రైతు నేరుగా ఇచ్చాడా. ఇంకా లోపల మేత అడ్వాన్సు పట్టుకోవడం. 2021 జూలైలో కొనుగోళ్ల మీద టీడీఎస్ వచ్చినప్పుడు ఎవరో మధ్యలో దూర్చిన ముక్క ఒకటి. చివర్లో ప్రింటర్‌కి పంపే లైన్లు. ‘ఎమౌంట్’ అని ఒక వేరియబుల్ ఉంది. అది మొదట్లో కిలో రేటు, మధ్యలో సరుకు విలువ, చివరికొచ్చేసరికి రైతుకి ఇవ్వాల్సిన డబ్బు.

కోడ్‌ని తనిఖీ చేసే సోనార్ పెట్టి చూస్తే సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీ (కోడ్‌లో ఎన్ని దారులున్నాయో చెప్పే కొలత) 140 దాటింది. కోడ్ రాసుకునే ఇంటెల్లిజేలో ఒక ముక్క సెలెక్ట్ చేసి ఎక్స్‌ట్రాక్ట్ మెథడ్ (ఆ ముక్కని వేరే మెథడ్‌గా విడదీసేది) కొడితే 11 పారామీటర్లు (బయటి నుంచి అందించాల్సిన విలువలు) చూపించింది. అది చూసి క్యాన్సిల్ కొట్టాను.

ఇప్పుడు వ్యాపారి కొత్తగా ఒకటి అడుగుతున్నారు. 47 కౌంట్ వస్తే ఇన్నాళ్ళూ 50 కౌంట్ రేటు ఇచ్చేవారు. ఇకమీదట 40కి, 50కి మధ్య తేడాని కౌంట్‌కి ఇంత అని పంచి ఇవ్వాలట. వినడానికి చిన్న మార్పే. మా మేనేజర్ “ఇంకో ఇఫ్ వేసెయ్, అయిపోద్ది” అంటున్నారు. నాకేమో మొత్తం తీసేసి కొత్తగా రాయాలనిపిస్తోంది. టెస్టులు ఒక్కటీ లేవు. ఏం చెయ్యమంటారు?

ఆలమూరు_జావా జవాబు:

తమ్ముడూ, కొత్తగా రాయాలన్న ఆలోచన ముందు పక్కన పెట్టు. ఆ 900 లైన్లలో అర్థం లేనట్టు కనిపించే ప్రతి ఇఫ్ వెనకా ఎప్పుడో ఎవరో రైతుతో పడిన పేచీ ఉంటుంది. అది ఎక్కడా రాసి ఉండదు, కోడ్‌లోనే ఉంది. నేను రైస్ మిల్లుల బిల్లింగ్ మీద చాలా ఏళ్ళు పనిచేశాను. ధాన్యంలో తేమ కోత, తాలు కోత, గోనె సంచి తూకం, హమాలీ... మీ రొయ్యలకీ మా ధాన్యానికీ పేర్లే తేడా, చిక్కుముడి ఒకటే.

కోడ్ తెరవక ముందు ఒక పని చెయ్యి. ఆ వ్యాపారి దగ్గర గుమస్తా గారు ఉంటారు కదా, కరెంటు పోయినప్పుడు చేత్తో బిల్లు రాసే ఆయన. ఒక పాత లాట్ ఇచ్చి కాగితం మీద బిల్లు కట్టమను. ఆయన ఏం రాస్తారంటే, గ్రాస్ తూకం, తరుగు, నికరం. దాని కింద కౌంట్, రేటు. ఆ కింద విలువ. తర్వాత పట్టుకునేవి: అడ్వాన్సు, టీడీఎస్. ఆఖర్న ఇచ్చేది. అంతే, నీ మెథడ్లు ఆ కాగితం మీదే ఉన్నాయి. ఆయన ఒక గీత గీసి కింద మొత్తం వేసిన ప్రతిచోటా ఒక మెథడ్ కట్ అవ్వాలి. పేర్లు కూడా ఆయనవే పెట్టు, ‘తరుగు’, ‘నికరం’ అని. ‘క్యాలిక్యులేట్ స్టెప్ టూ’ అంటే రేపు నీకే తెలియదు. స్క్రీన్‌లో 900 లైన్లు చూసి 30 లైన్లకొకటి చొప్పున నరికితే 30 మెథడ్లు వస్తాయి, ఒక్కటీ అర్థం కాదు.

ఆ తర్వాత టెస్టులు. టెస్టులు లేవని కంగారు పడక్కర్లేదు, నీ దగ్గర డేటాబేస్ నిండా పాత లాట్లున్నాయి. టైగర్, వనామీ, ఏజెంట్ ఉన్నది, లేనిది, అడ్వాన్సు విలువ కంటే ఎక్కువున్నది, ఇలా అన్ని రకాలూ వచ్చేలా కొన్ని వందలు తీసుకో. ఇక్కడొక మెలిక ఉంది. డేటాబేస్‌లో దాచిన మొత్తాల్ని సరైన జవాబు అనుకోకు. పోయినేడాది బిల్లు పోయినేడాది కోడ్ తేల్చింది, మధ్యలో ఎవరెన్ని ఇఫ్‌లు వేశారో. ఆ లాట్లని ఇవాళ్టి పాత మెథడ్‌లోంచి పంపి, వచ్చిన జవాబుని ఫైల్‌లో దాచుకో. ఆ ఫైలే నీ టెస్టు. ఒక్కో చిన్న మార్పు తర్వాత అవే లాట్లు మళ్ళీ పంపి పైసలతో సహా పోల్చు. పాత కోడ్‌ని దారికి తేవడం మీద పుస్తకం రాసిన మైకేల్ ఫెదర్స్ వీటికి క్యారెక్టరైజేషన్ టెస్టులని పేరు పెట్టాడు. కోడ్ ఎలా ఉండాలో ఇవి చెప్పవు, ఇప్పుడు ఎలా ఉందో చెప్తాయి. నీకు కావాల్సింది అదే.

పోల్చేటప్పుడు రెండు అడ్డొస్తాయి. మెథడ్ మధ్యలో ఎక్కడో ‘ఇవాళ్టి తేదీ’ అడిగి ఉంటాడు, రేట్ల పట్టిక నేరుగా డేటాబేస్ నుంచి లాగి ఉంటాడు. అలా ఉంటే ఇవాళ ఒక జవాబు, రేపు ఇంకో జవాబు. కాబట్టి మొట్టమొదటి రిఫ్యాక్టరింగ్ (జవాబు మారకుండా కోడ్ సర్దడం) ఆ రెండింటినీ పైకి తెచ్చి పారామీటర్లుగా ఇవ్వడమే. ప్రింటర్ లైన్లు కూడా లెక్కలోంచి విడదీసి చివర పెట్టు, లేకపోతే టెస్టు నడిపినప్పుడల్లా కాగితం బయటికొస్తుంది.

ఇక 11 పారామీటర్ల సంగతి. అది చూసి క్యాన్సిల్ కొట్టావు గానీ, ఆ పదకొండు పేర్లూ కాగితం మీద రాసుకుని చూడు. రకం, తూకం, కౌంట్, సాఫ్ట్ శాతం, ఈ నాలుగూ ఎక్కడికెళ్ళినా కలిసే తిరుగుతాయి. అవి ‘లాట్’ అనే ఒక క్లాస్ (విలువల్ని కలిపి కట్టే మూట). అడ్వాన్సు, ఏజెంట్, ఏడాదిలో ఇప్పటిదాకా కొన్నది, ఇవి ‘ఖాతా’. ఇంకోటి రేట్ల పట్టిక. పదకొండు మూడుకి దిగుతాయి.

మిగిలింది ‘ఎమౌంట్’. దానికి ముందు ఫైనల్ (ఒకసారి పెట్టిన విలువ మారకూడదనే మాట) తగిలించి కంపైల్ చెయ్యి. మళ్ళీ విలువ పెట్టిన ప్రతి లైనూ ఎర్రగా కనిపిస్తుంది. ప్రతి ఎరుపు దగ్గరా ఆగి, ఇక్కడ ఇది రేటా, విలువా, ఇచ్చేదా అని అడిగి కొత్త పేరుతో కొత్త వేరియబుల్ పెట్టు. అది అయ్యాక కంట్రోల్ ఆల్ట్ ఎమ్ కొడితే ఎక్స్‌ట్రాక్ట్ పేచీ పెట్టదు. ఒకే ముక్కలోంచి రెండు విలువలు బయటికి రావాల్సి వచ్చినప్పుడే ఇంటెల్లిజే మొరాయిస్తుంది.

ఇంటర్‌పొలేషన్, అంటే వ్యాపారి అడిగిన ఆ మధ్య కౌంట్ లెక్క, మాత్రం ఇదంతా అయ్యాకే, వేరే కమిట్‌లో (విడిగా నమోదు చేసే మార్పు). మధ్యలో పాత బగ్ కనిపించినా దిద్దకు. రాసిపెట్టుకుని, దాన్నీ వేరే కమిట్‌లో చెయ్యి.

కాకినాడ_పోర్ట్_80 జవాబు:

పైన చెప్పినదాంతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, అందరూ మెథడ్లు కోయడం దగ్గరే మొదలెడతారు. నా లెక్కలో ముందు లోతు తగ్గించాలి. తూకం సున్నానా, రిటర్న్. కౌంట్ నమోదు కాలేదా, ఎర్రర్ ఇచ్చి రిటర్న్. ఇలాంటి గార్డ్ క్లాజులు పైన పెడితే ఏడు మెట్ల ఇఫ్‌లు మూడుకి దిగుతాయి, ఒక్క మెథడూ కోయకుండానే.

ఆ 140 చూసి కూడా టెన్షన్ పడొద్దు. మెకేబ్ 1976లో ఈ కొలత పెట్టినప్పుడు 10 దగ్గర గీత గీశారు. కానీ అది దారుల్ని లెక్కబెడుతుంది, లోతుని కాదు. వరసగా పన్నెండు కేసులున్న స్విచ్ చదవడానికి సులువు, లెక్కలో మాత్రం పది దాటేస్తుంది. సోనార్‌లోనే కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ అని ఇంకోటి ఉంది, అది లోపలికి వెళ్ళే కొద్దీ ఎక్కువ వడ్డిస్తుంది. మెథడ్‌కి 15 దాటితే గోల పెడుతుంది. మీ కేసుకి అది చూడండి.

మూడేసి లైన్ల మెథడ్లు మాత్రం వద్దు బాబూ. మా టీమ్‌లో ఒకాయన అలా చేశారు. ఒక్క బిల్లు ఎలా వచ్చిందో చూడాలంటే అమలాపురం పోవడానికి ఆరు రేవులు దాటినట్టుండేది. 40 లైన్లున్నా పైనుంచి కిందికి తిన్నగా చదువుకోగలిగితే నాకు అభ్యంతరం లేదు.

ఇంకోటి, ఆ టైగర్ బ్రాంచ్ ఎందుకు? ఇప్పుడంతా వనామీనే కదా. తీసేస్తే సగం కోడ్ పోతుంది.

లంక_గాలి జవాబు:

టైగర్ తీసెయ్యకండి! మా నాన్నగారు ఈ పంటకి టైగరే వేశారు. వనామీలో జబ్బులు, రేట్లు చూసి విసిగిపోయి మన వైపు కొంతమంది మళ్ళీ దానికెళ్తున్నారు. కోడ్ వాడుకలో ఉందో లేదో ఊహించడం ఎందుకు, ఆ బ్రాంచ్‌లో ఒక లాగ్ లైన్ పెట్టి పంట తిరిగేదాకా చూడండి.

అసలు అది బ్రాంచ్‌గా ఉండక్కర్లేదేమో. టైగర్‌కీ, వనామీకీ తేడా రేట్ల పట్టికలోనే అయితే, రకాన్ని బట్టి పట్టిక అందుకుంటే చాలు, ఇఫ్ పోతుంది. తరుగు కూడా వేరేగా ఉంటే అప్పుడు రెండు క్లాసులు. ముందు రెండు బ్రాంచ్‌లూ పక్కపక్కన పెట్టి డిఫ్ (తేడాల జాబితా) తీయండి. ఒకదాన్ని కాపీ కొట్టి రెండోది చేసిన ఛాన్సే ఎక్కువ.

ఉండి_కాలువ_గట్టు:

అందరికీ థాంక్సండి. గుమస్తా గారితో కూర్చున్నాను. ఆయన కాగితం మీద గీతలు ఎక్కడ గీశారో అక్కడే కోశాను. ఇప్పుడు పై మెథడ్ ఇలా ఉంది:

నికరం = తరుగు_పోగా(లాట్)
రేటు = కౌంట్_రేటు(లాట్, పట్టిక)
విలువ = నికరం × రేటు
పట్టుకునేవి = కోతలు(విలువ, ఖాతా)
ఇచ్చేది = విలువ − పట్టుకునేవి

డిఫ్ తీస్తే టైగర్ బ్రాంచ్ వనామీకి కాపీయే, పట్టిక ఒక్కటే తేడా. పాత లాట్లన్నీ పైసలతో సహా కలిశాయి. అంతవరకు ఆనందమే. ఆ తర్వాత వేరే కమిట్‌లో మధ్య కౌంట్ లెక్క పెట్టాను. ‘కౌంట్_రేటు’లో నాలుగు లైన్లే మారాయి. కానీ ఒక లాట్‌లో గుమస్తా గారి చేతి లెక్కకీ, మనదానికీ 200 రూపాయల తేడా. 40 కౌంట్ 405, 50 కౌంట్ 362, వచ్చింది 47 కౌంట్, నికరం 2,000 కిలోలు. ఆయన 7,49,800 అంటారు, ప్రోగ్రాం 7,50,000 అంటుంది. ఎక్కడ తప్పు?

ఆలమూరు_జావా:

తప్పు కాదు తమ్ముడూ, రౌండింగ్. తేడా 43, కౌంట్‌కి 4.30. ఏడు కౌంట్లకి 30.10. 405లోంచి తీస్తే 374.90. ‘కౌంట్_రేటు’ చివర రేటుని రూపాయికి సర్దే లైన్ ఒకటి ఉంటుంది చూడు, అది 375 చేసింది. పది పైసలు ఇంటూ రెండు వేల కిలోలు, నీ 200 వచ్చేసింది. ఇన్నాళ్ళూ శ్లాబు రేట్లన్నీ నిండు రూపాయలే కాబట్టి ఆ లైన్ ఉన్నా లేనట్టే, ఎవరికీ కనిపించలేదు. పాత లాట్లతో టెస్టు కూడా దాన్ని పట్టుకోలేదు, పట్టుకోదు కూడా. కొత్త లెక్కకి కొత్త టెస్టులు గుమస్తా గారి చేతి బిల్లుల నుంచే రాసుకోవాలి.

రేటుని సర్దాలా, చివరి మొత్తాన్నే సర్దాలా అన్నది నువ్వూ నేనూ తేల్చేది కాదు. వ్యాపారిని అడుగు, ఆయన చెప్పింది వాట్సాప్‌లో రాయించుకో. ఈ లాట్‌లో రైతుకి లాభమైంది గానీ, 46 కౌంట్ వస్తే రేటు 379.20, సర్దితే 379, అప్పుడు రైతుకి నష్టం. గట్టు మీద గొడవయ్యేది అక్కడే. ఏది ఖాయం చేసినా సర్దడం ఒక్కచోటే ఉండాలి. అంకెలు డబుల్‌లో (పైసల్ని కచ్చితంగా దాచలేని రకం) ఉంటే బిగ్ డెసిమల్‌కి (కచ్చితంగా దాచే రకం) మార్చు, అది కూడా వేరే కమిట్.

30 కంటే పెద్ద రొయ్య, 100 దాటిన చిన్న రొయ్య వస్తే పక్కన రెండో రేటు ఉండదు కదా, అప్పుడేం చెయ్యాలో కూడా ఇప్పుడే అడిగెయ్.

ఉండి_కాలువ_గట్టు:

అడిగానండి. రేటు పైసలతోనే ఉంచి, ఆఖరి మొత్తం మాత్రం రూపాయికి సర్దమన్నారు. 100 దాటితే బేరమే, చేత్తో రేటు కొట్టాలి. 30 లోపు కూడా అంతేనట. టీడీఎస్ ముక్క మాత్రం ఇంకా ‘కోతలు’ లోపలే ఉంది, విడదీయమంటారా?

లంక_గాలి:

విడదీయండి. అడ్వాన్సు పట్టుకోవడం వ్యాపారి ఇష్టం, టీడీఎస్ ప్రభుత్వం చేతిలోది. రెండూ మారేది వేర్వేరు రోజుల్లో, వేర్వేరు కారణాలతో. 50 లక్షల పరిమితి, 0.1 శాతం, ఈ రెండూ కోడ్ మధ్యలో అంకెలుగా కాకుండా తేదీతో సహా సెట్టింగ్స్‌లో పెట్టండి.

కాకినాడ_పోర్ట్_80:

ప్రింటర్ కోడ్‌ని మాత్రం పట్టుబడులు జోరుగా ఉన్నప్పుడు ముట్టుకోకండి. ఒక్కో గట్టు మీద ఒక్కో రకం థర్మల్ ప్రింటర్ ఉంటుంది, తెల్లవారుజామున మూడింటికి ఫోన్ మీకే వస్తుంది.