చెరువు గట్టున ఉన్న కెమెరా ఫోనులో కనబడాలంటే దారేది?

ఇందుకూరుపేట దగ్గర మా రొయ్యల చెరువు గట్టున కెమెరా రికార్డరు ఉంది. రాత్రి ఏరేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) ఆగితే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి, అందుకే ఇంటి నుంచి చూడాలని ఆత్రం. రికార్డరుకు ఐపీవీ4 (ఇంటర్నెట్ చిరునామాల పాత పద్ధతి) తప్ప మరొకటి తెలియదు. అక్కడి రౌటరుకు బయటివైపు వచ్చిన ఐపీవీ4 చిరునామా 100.64తో మొదలవుతోంది, అంటే ఒకే పబ్లిక్ చిరునామాను ఇంటర్నెట్ కంపెనీ చాలామందికి పంచుతోంది, మన రౌటరులో పోర్టు ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చినదాన్ని రికార్డరుకు మళ్లించే అమరిక) పెట్టినా దండగే. కొత్త పద్ధతి ఐపీవీ6 మాత్రం నిక్షేపంగా వస్తోంది, నా ఫోనుకూ ఉంది. రెండు చివరలా కొత్తదే, మధ్యలో ఈ పాత పెట్టె అడ్డం!

గట్టు మీద చిన్న కంప్యూటర్ పెట్టి, ఐపీవీ6లో వచ్చినదాన్ని రికార్డరుకు ఐపీవీ4లో అందించే ప్రాక్సీ నడపవచ్చా? లేక వైర్‌గార్డ్ (ఫోనుకూ గట్టుకూ మధ్య రహస్య దారి వేసే వీపీఎన్) మేలంటారా? బయటి నుంచి వచ్చేవాటిని ఆపే రౌటరు ఫైర్‌వాల్‌లో ఏం తెరవాలి? ఐపీవీ6 ప్రిఫిక్స్ (చిరునామా మొదటి భాగం) మారినప్పుడు కొత్త చిరునామా ఫోనుకు ఎలా తెలుస్తుంది? చేసి చూసినవారు చెప్పండి.